ముక్కుగారి మార్కులు

ఆయన్ను ఆఫీసులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ఉంటే సార్, చాటున ముక్కుగారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆయన భార్యకైతే అందులో వింతేమీ కనిపించలేదు. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ అంతకంటే మొరటు పేరొకటి పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మనసులోనే ఉంచుకుంది.

ఆయన ఉద్యోగం వంటగదుల తనిఖీ. ఇళ్ళలోవి కావు. ఆసుపత్రులు, హాస్టళ్ళు, ఫ్యాక్టరీ క్యాంటీన్లు, వందల మందికి ఒక్కచోట వండి వడ్డించే గదులు. అవి శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి మార్కులు వేసే చిన్న సంస్థలో ఆయన పెద్ద ఇన్‌స్పెక్టరు. మొదట్లో అట్టకు కాగితాలు తగిలించుకుని వెళ్ళేవారు. తర్వాత ట్యాబ్ వచ్చింది, దాంతోపాటు సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఈ వయసులో ఆయనకు అది ఎక్కుతుందా అని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే ఆయనే దానికోసం చెవి కోసుకున్నారు. ముక్కుగారు చెవి కోసుకోవడమేమిటని కుర్ర ఇన్‌స్పెక్టర్లు చాలాకాలం నవ్వుకున్నారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందుగా ప్రొటోకాల్ తయారుచెయ్యాలి. అంటే ఏ గది ముందు చూడాలి, అక్కడ ఏం అడగాలి, ఏ జవాబుకు ఎన్ని మార్కులు, ఏ ఒక్కటి తప్పితే మొత్తం తప్పినట్టు, ఇదంతా వరసగా పేర్చి పెట్టాలి. తనిఖీకి వెళ్ళినవాళ్ళు ఒక్కో ప్రశ్నకూ జవాబు నొక్కుకుంటూ పోతే చివర్లో అదే కూడి, భాగించి, ఆకుపచ్చో పసుపో ఎరుపో చూపిస్తుంది. ఎరుపొచ్చిన వంటగది సరిచేసుకునేదాకా పొయ్యి వెలిగించకూడదు. ప్రశ్నలు పేర్చడం ఆయనకు ఇష్టమైన పని. ఒక్క ప్రశ్నను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అటు తిప్పి ఇటు తిప్పి రాసేవారు. "గచ్చు శుభ్రంగా ఉందా?" అని రాస్తే ఎవడైనా ఉందనే అంటాడు. "పొయ్యి కాళ్ళ వెనక గచ్చు రంగూ, గది మధ్యలో గచ్చు రంగూ ఒకటేనా?" అని రాస్తే వంగి చూడాల్సిందే. ఆయన తృప్తి అలాంటిది.

ఆయన ప్రొటోకాళ్ళలో వాసన ప్రశ్నలకు మార్కులు ఎక్కువ. కంటికి గంతలు కట్టడం తేలికని ఆయన అనేవారు. తనిఖీ ఉందని తెలిస్తే ముందురోజే గచ్చు అద్దంలా అయిపోతుంది. వాసనను మాత్రం గుడ్డపెట్టి తుడవలేరు. ఒకసారి ఒక క్యాంటీన్ గుమ్మంలోనే ఆగిపోయి, లోపల మూకుట్లో నూనె మార్చి వారం దాటిందని చెప్పారు. వంటవాడు ముక్కున వేలేసుకున్నాడు. ఆయన ట్యాబ్‌లో ఎర్రగుర్తు నొక్కి లోపలికి నడిచారు.

ఆ ముక్కుతో కాపురం చెయ్యడం అంత సుఖమైన పనేం కాదు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. చెప్పులు విప్పుతూనే, గిన్నెలు తుడిచే గుడ్డ సరిగ్గా ఆరలేదనో, పాలు నిన్నటివనో, పప్పు అడుగంటిందనో మెల్లగా ఒక మాట అనేవారు. అంతే. ఆ ఒక్క మాటే ముప్పై ఏళ్ళుగా రోజూ. పక్కింటావిడ తన మొగుడికి కోపం ముక్కు మీదే ఉంటుందని వాపోతే, ఈవిడ మా ఆయనకి కోపం కూడా ఉండదమ్మా, ముక్కే ఉంటుందని చెప్పేది.

వానలు ముదిరిన రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చి వారం పైగా మంచం పట్టారు. తగ్గాక మొదటిసారి స్నానానికి వెళ్ళి కొత్త సబ్బు కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. సబ్బు చేతిలో ఉంది, రంగు ఉంది, నురగ వచ్చింది. వాసన లేదు. జలుబు ఇంకా వదల్లేదనుకున్నారు. జలుబు వదిలింది. కాఫీపొడి డబ్బా మూత తీసి చూశారు. అగ్గిపుల్ల గీసి ఆర్పి చూశారు. చివరికి ఎవరూ లేనప్పుడు తన మేజోళ్ళు కూడా ముక్కుకు ఆనించుకున్నారు. అవి కూడా ఆయన్ను మోసం చేశాయి.

ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో అసలే చెప్పలేదు. రేపో ఎల్లుండో వస్తుందిలే అనుకుంటూ మళ్ళీ తనిఖీలకు వెళ్ళడం మొదలుపెట్టారు. గచ్చు చూశారు, కత్తులు చూశారు, ఫ్రిజ్‌లో వేడి ఎంతుందో కొలిచారు. వాసన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వేలు గాల్లో ఆగిపోయేది. "వర్తించదు" అని నొక్కొచ్చు. అది నొక్కితే ఆ ప్రశ్న మార్కులు లెక్కలోంచి తప్పుకుంటాయి. కానీ ముక్కుగారు వాసన ప్రశ్నకు వర్తించదని నొక్కారంటే మర్నాటికి ఆఫీసంతా పాకుతుంది. అందుకని చుట్టూ చూసి, ఈగలున్నాయో లేదో చూసి, అంతా బాగానే ఉన్నట్టుంటే "దుర్వాసన లేదు" అని నొక్కేవారు. ఇంటికొచ్చాక అన్నం రుచి ఎలాగూ తెలియదు కనుక ఎంత పెడితే అంత తిని లేచేవారు.

ఆయన మాట అనడం మానేసిన సంగతి ఇల్లాలు మొదటివారంలోనే గమనించింది. మొదట సంతోషించింది. జ్వరం ఈయన్ని కాస్త మెత్తబరిచింది అనుకుంది. తర్వాత అనుమానం పట్టుకుంది. తడిగుడ్డను కావాలని ఉండచుట్టి మూల పడేసింది. ఆయన ఏమీ అనలేదు. పాలు పొంగించి పొయ్యంతా మాడబెట్టింది. ఆయన ఆ పక్కనే కూర్చుని పేపరు తిప్పుతున్నారు. ఒకరోజు కూర అడుగంటా మాడ్చి, పైది కాకుండా అడుగుదే తీసి వడ్డించి, ఎదురుగా నిలబడింది. ఆయన కలుపుకుని తినేసి, ఇంకొంచెం వెయ్యమన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఈయనకి నా మీద విరక్తి పుట్టింది, తిట్టడం కూడా దండగనుకుంటున్నాడు, అని ఆవిడ గుండె చెరువైపోయింది.

ఇలా ఇద్దరూ ఎవరి బాధ వాళ్ళు దిగమింగుకుంటూ ఉండగా, ఆయనకు పెద్దాసుపత్రి వంటగది తనిఖీ వచ్చింది.

ఆ వంటగదికి పెద్ద ఒక పొడుగాటి ఆవిడ. అందరూ పొడుగమ్మ అంటారు. పై అరల్లో సామాను తియ్యడానికి ఆవిడ ఎప్పుడూ ముక్కాలిపీట ఎక్కదు. ఏళ్ళ తరబడి ఆయన తనిఖీకి వస్తున్నా ఇద్దరూ పని మాటలు తప్ప మాట్లాడుకుని ఎరగరు. ఆ రోజు ఆయన కూరగాయల గది చూశారు, గిన్నెలు కడిగేచోటు చూశారు, చల్లగది తలుపు తీసి లోపల నిలబడ్డారు. మాంసం, పాలు, పెరుగు వేరువేరు అరల్లో ఉన్నాయి. గచ్చు తడిలేకుండా ఉంది. వాసన ప్రశ్నకు "లేదు" అని నొక్కి, చివర్లో సంతకం గీసి పంపేశారు. పంపాక తనిఖీకి తాళం పడుతుంది. మేనేజరు తప్ప ఎవరూ తెరవలేరు. తెర మీద ఆకుపచ్చ వెలిగింది.

పొడుగమ్మ ఆ ఆకుపచ్చను చూసి, ఆయన్ను చూసింది.

"సార్, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందని చెప్పి, ఎందుకలా అడిగావని అడిగారు. చల్లగదిలో అంతసేపు నిలబడ్డారు, ఏమీ అనలేదు, అంది ఆవిడ. ఆయన చల్లగది తలుపు వైపు తిరిగారు. తర్వాత, ఆ వృత్తిలో అన్నేళ్ళలో ఎవర్నీ ఎప్పుడూ అడగని మాట అడిగారు.

"వాసన వస్తోందా అమ్మా?"

ఆవిడకు ఆ క్షణంలోనే అర్థమైంది. కానీ ముందు తన గోడు చెప్పుకుంది. చల్లగది వెనక గోడలో నీళ్ళు పోయే గొట్టం ఎక్కడో ఊడింది. నెల నుంచీ తలుపు తీస్తే గుప్పున కొడుతోంది. పైవాళ్ళకు ఎన్నోసార్లు చెప్పింది, మరమ్మతువాళ్ళు వస్తారు, ఫినాయిల్ పోస్తారు, పోతారు.

"నేను మీకోసమే కాచుకుని కూర్చున్నాను సార్. మేం చెబితే ఫినాయిల్ పోస్తారు. మీరు రాస్తే గోడ పగలగొడతారు."

ఆయన కూరగాయల గదిలో బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద కూలబడ్డారు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. జ్వరం దగ్గర్నుంచీ జరిగినదంతా ఆయన ఆవిడకు చెప్పారు. ఆ మాటలు బయటికి అనడం అదే మొదటిసారి. తను వర్తించదని నొక్కకుండా లేదని నొక్కిన వంటగదులన్నీ కూడా చెప్పారు. పొడుగమ్మ అయ్యో పాపమని అనలేదు. బంగాళాదుంపల బస్తా మీద తనూ కూర్చుంది.

"మా ఆయనకి చెవి ఇలాగే పోయింది సార్. ఏడాదిపాటు నాకు చెప్పలేదు. పిలిస్తే పలకట్లేదని రోజూ పోట్లాడేదాన్ని. తెలిశాక ఆ పోట్లాటలన్నీ గుర్తొచ్చి ఎంత ఏడ్చానో." ఆయన వైపు తిరిగి అడిగింది. "మీ ఇంట్లో తెలుసా?"

తెలియదన్నారు.

"ముందు అక్కడ చెప్పండి. ఆఫీసు ఎక్కడికీ పోదు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి భార్యకు చెప్పారు. ఆవిడ చేతిలో గరిటె పట్టుకుని విన్నది. విని, ముందు నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎటుపోయిందో తెలియకుండానే ఏడుపయింది. ఆయనకేమీ అర్థం కాలేదు.

"మాడిన కూర పెట్టానండీ మీకు. కావాలనే. ఏమంటారో చూద్దామని," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మీరు ఇంకొంచెం వెయ్యమన్నారు."

"మాడిందా?" అని అడిగారు ఆయన.

"బొగ్గు."

ఆయనా నవ్వారు. తర్వాత ఇద్దరూ చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఆయన అన్న మాటల్లో ఆవిడ ఒక్కటీ ఎత్తలేదు. ఆయనే ఎత్తబోయారు. ఆవిడ లేచి కాఫీ కలిపి తెచ్చి, వేడి తెలుస్తుందా అని అడిగింది. తెలుస్తుందన్నారు. తీపి? కొంచెం. అయితే తాగండి, మిగతాది నేను చెప్తాను, ఈ కాఫీ బాగానే కుదిరింది, అంది.

మర్నాడు ఆఫీసులో మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపు వేశారు. మేనేజరు ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆవిడ మొదటి ప్రొటోకాల్‌కు ప్రశ్నలు దిద్దిపెట్టింది ఈయనే. ఉన్నదున్నట్టు చెప్పి, ఆసుపత్రి తనిఖీ తాళం తీయమనీ, జ్వరం తర్వాత తను చేసిన మిగతావన్నీ రద్దు చేసి ఇంకొకరితో చేయించమనీ అడిగారు. ఉద్యోగం విషయం మీ ఇష్టం మేడమ్ అన్నారు. ఆవిడ నొచ్చుకుంది, తాళాలు తీసింది, రెండు మాటలు గట్టిగా కూడా అంది, ముందే చెప్పకపోతే ఎలా సార్ అని. తర్వాత ఆలోచించి ఒక దారి చెప్పింది. ఇప్పుడు యంత్రాలున్నాయి, ఫోటోలున్నాయి. ఆ వాసన ప్రశ్నలు తీసేస్తే గొడవే ఉండదు, మీరు హాయిగా తనిఖీలకు వెళ్ళొచ్చు.

మంచి మనసుతో అన్న మాట అది. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి, ప్రొటోకాల్‌కు ఒక నకలు తీసి, అందులోంచి వాసన ప్రశ్నలు తొలగించి, కిందటేడు జరిగిన తనిఖీలన్నిటినీ దాంతో మళ్ళీ లెక్కగట్టించారు. ఎరుపులు చాలావరకు పసుపులయ్యాయి, పసుపులు ఆకుపచ్చలయ్యాయి. వారం దాటిన నూనె వాడిన ఆ క్యాంటీన్ కూడా పాసయింది. ట్యాబ్ తెచ్చి ఆవిడ ముందు పెట్టారు.

"వాసన పోయింది నాకు మేడమ్. వంటగదులకి కాదు."

ఆవిడ చాలాసేపు ఆ రంగుల్ని చూసి, అయితే వాసన ఎవరు చూడాలి మరి అంది. కుర్ర ఇన్‌స్పెక్టర్లు చూడగలరు, కానీ ఒక్క ముక్కు మీద ఆధారపడితే ఏమవుతుందో ఆయనకు అనుభవమైంది. ఆ ముక్కు మూసుకుపోయిన రోజున ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఈ మాటే తిప్పి తిప్పి అంటుంటే, బజారునుంచి అప్పుడే వచ్చి సంచి దింపుతున్న భార్య, ఇంట్లో కూర్చుంటే ఇంటి వాసన తెలియదండీ, బయటికెళ్ళి వచ్చినప్పుడు గుమ్మంలో తెలుస్తుంది, కాసేపటికి మళ్ళీ పోతుంది, అంది. ఆవిడ ఆ మాట మామూలుగా అని, కూరలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ట్యాబ్ తీసుకుని కూర్చున్నారు.

కొత్త వాసన ప్రశ్న కుదరడానికి చాలా రోజులే పట్టింది. మొదట "దుర్వాసన ఉందా?" అని వంటగదిలో పనిచేసేవాళ్ళనే అడుగుదామనుకున్నారు. కుర్ర ఇన్‌స్పెక్టరు ఒకడు, అది దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే సార్ అన్నాడు. నిజమే. దుర్వాసన అన్న మాటలోనే నింద ఉంది. ఉంది అంటే తన్ను తనే నిందించుకున్నట్టు. అందుకని దాన్ని కొట్టేశారు. ఆ స్థానంలో ఇలా రాశారు: "మీరు పనిలోకి వచ్చి తలుపు తీయగానే మొదట ఏ వాసన వచ్చింది?" కింద జవాబులు పేర్చారు. ఏమీ లేదు, తడి, పులుపు, నూనె, పొగ, సబ్బు, మందు. దేనికి ఎన్ని మార్కులో జవాబు చెప్పేవాళ్ళకు కనబడదు. మందు వాసనకు కూడా మార్కులు తగ్గించారు, ఎందుకంటే ఫినాయిల్ అంతగా పోశారంటే దాని కింద ఏదో ఉన్నట్టే. అప్పుడే పనిలోకి వచ్చిన ఇద్దరు విడివిడిగా చెప్పాలి, ఒకరి జవాబు ఒకరికి తెలియకూడదు, ఇద్దరిలో తక్కువ మార్కులే లెక్కలోకి వస్తాయి.

తాళం తీయించిన తనిఖీ ఇంకా పూర్తికాని పెద్దాసుపత్రిలోనే ప్రయత్నం చేశారు. ఆయన ట్యాబ్ పట్టుకుని చల్లగది బయట నిలబడ్డారు. గిన్నెలు కడిగే ఆవిడ వచ్చి లోపలికి వెళ్ళి వచ్చి పులుపు అని నొక్కింది. తర్వాత కూరగాయలు తరిగే ముసలాయన వెళ్ళొచ్చి, జవాబులన్నీ రెండుసార్లు చదువుకుని, ఇందులో లేదే అన్నాడు.

"ఏది లేదు తాతా?"

"నానిన గోనెసంచి."

ముక్కుగారు అక్కడే గోనెసంచిని కూడా జవాబుల్లో చేర్చారు. ముసలాయన తృప్తిగా దాని మీద వేలు పెట్టి నొక్కాడు. తెర మీద ఎరుపు వెలిగింది. పొడుగమ్మ వెళ్ళి పొయ్యి ఆపేసింది.

ఆసుపత్రి పెద్దలకు కోపం వచ్చింది, మావాళ్ళే మాకు ఎసరు పెడతారా అన్నారు. రోగులకు భోజనం కొన్నాళ్ళు బయటినుంచి తెప్పించాల్సి వచ్చింది. కానీ గోడ పగలగొట్టారు. గొట్టం అతుకు ఊడి, ఎప్పటి నీళ్ళో నల్లగా పేరుకుని ఉన్నాయట. అతికించి, గోడ కట్టి, గిలాబా చేశాక పొడుగమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడెలా ఉందని అడిగారు ఆయన.

"సిమెంటు వాసన సార్," అంది ఆవిడ. ఆయన ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు నవ్వుతూనే ఉన్నారు.

అన్నిచోట్లా ఇంత బాగా జరగలేదు. ఒక హాస్టల్లో ఇద్దరూ ఏమీ లేదని నొక్కారు. ఆయన కళ్ళెదుటే మూలన ఉల్లిపాయలు కుళ్ళి నీరు కారుతున్నాయి. చూస్తే వాళ్ళ వెనకే సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తప్పు వాళ్ళది కాదు, నా ప్రశ్నది, అనుకున్నారు. జవాబు చెప్పేటప్పుడు ఆ గదిలో పైవాళ్ళెవరూ ఉండకూడదని ప్రొటోకాల్‌లో చేర్చారు. తర్వాత జవాబు చెప్పినవాళ్ళ పేర్లు కూడా తీసేశారు. అయినా అబద్ధం చెప్పేవాళ్ళు చెప్తూనే ఉన్నారు. కాకపోతే, ఏళ్ళ తరబడి ఎవరూ అడగనివాళ్ళను అడిగితే చాలామంది నిజమే చెప్తారని, కాస్త ఎక్కువే చెప్తారని కూడా తెలిసింది. మేనేజరు ఆ ప్రొటోకాల్‌ను సంస్థ అంతటికీ ఖాయం చేసింది. ఆయన్ను తనిఖీల నుంచి తప్పించలేదు. ఉద్యోగం పోలేదు. పేరూ పోలేదు. ముక్కు పనిచెయ్యని ముక్కుగారేమిటని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే పాతవాళ్ళు కథంతా చెప్పేవారు.

వైద్యుడి దగ్గరికి భార్యే తీసుకువెళ్ళింది. వైద్యుడు చూసి, వాసన నరానికి దెబ్బ తగిలింది, రావచ్చు, రాకపోవచ్చు, రోజూ అలవాటు చేస్తుంటే మంచిదని చెప్పాడు. నాలుగు చిన్న సీసాల్లో నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి నూనెలు. పొద్దున్నే వాటిని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. పొద్దున్నే ఆవిడ సీసాలు తెచ్చి ఎదురుగా కూర్చునేది. ఆయన కళ్ళు మూసుకునేవారు. మొదట్లో ఆయన మోసం చేసేవారు, మూత తిప్పే చప్పుడును బట్టి లవంగం అని చెప్పేవారు. అది కనిపెట్టి ఆవిడ మూతలు ముందే తీసి తేవడం మొదలుపెట్టింది. ఏమీ తెలియని రోజుల్లో ఆవిడ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. నిమ్మ అనేసరికి చిన్నప్పుడు తన మేనత్త తలంటిన సంగతి, గులాబీ అనేసరికి పెళ్ళిలో ఆయన తుమ్మిన సంగతి. తను తుమ్మినట్టు ఆయనకు గుర్తులేదు. మూడుసార్లు తుమ్మారు, మా నాన్న అపశకునమన్నాడు, మా అమ్మ నోరు మూసుకోమంది, అని ఆవిడ చెప్పింది. ముప్పై ఏళ్ళలో వాళ్ళిద్దరూ పొద్దున్నపూట అంతసేపు కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

అలా ఉండగా, పెళ్ళయి వేరే కాపురం ఉంటున్న వాళ్ళ కూతురు ప్రసవించింది. అమ్మాయిది అదే ఊరు, రెండు బస్సులు మారితే ఇల్లు. ఆడపిల్ల పుట్టిందని అల్లుడు ఫోన్ చేస్తే ఇద్దరూ ఉన్నపళంగా వెళ్ళారు. ఆసుపత్రి గదిలో అప్పటికే అల్లుడి అక్కలు ఉన్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పిల్లను ఎత్తుకోవడం, తల మీద ముక్కు పెట్టి కళ్ళు మూసుకోవడం, అబ్బ అనడం. కూతురు కూడా మైకంలో, నాన్నా, దీని తల వాసన చూడు, అని, అంతలోనే నాలుక కరుచుకుంది.

ఆయన పిల్లను తీసుకుని, వంగి, మెత్తటి నడినెత్తి మీద ముక్కు ఆనించారు. అక్కడ చర్మం కింద చిన్నగా కొట్టుకుంటోంది. వెచ్చగా ఉందన్నారు.

అందరూ వెళ్ళాక, అమ్మాయి నిద్రపోతోందనుకుని, పక్కన పిల్లను పట్టుకుని కూర్చున్న భార్యను మెల్లగా అడిగారు.

"ఎలా ఉంటుంది?"

ఆవిడ ఏమిటని అడగలేదు. పిల్ల తల దగ్గర ముక్కు పెట్టి నిదానంగా పీల్చింది.

"పాల వాసన."

"పచ్చివా, కాచినవా?"

"కాచి చల్లారినవి. మీగడ కట్టకముందు." మళ్ళీ పీల్చింది. "కొత్తబట్ట కూడా ఉంది. ఒక్కసారి ఉతికి ఎండలో వేసింది. మెడ మడతలో కొంచెం పులుపు."

"పులుపెందుకు?"

"ఇందాక కక్కిందిగా. చెవి వెనక మాత్రం ఏ వాసనా కాదండీ. దీనిదే. దానికి పేరు లేదు."

ఆయన తలూపారు. ఆవిడ చెప్పినవన్నీ ఒక్కొక్కటే లోపల పెట్టుకుంటున్నట్టు కాసేపు కూర్చున్నారు.

"మొత్తంమీద పదికి ఎన్నేస్తావు?"

"తొమ్మిది."

"ఒకటెందుకు తగ్గింది?"

"కింద చూడాలి. పని కానిచ్చేసింది."

మంచం మీంచి నవ్వు వినిపించింది. అమ్మాయి నిద్రపోలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, నవ్వించకు నాన్నా, కుట్లు లాగుతున్నాయి, అంది. ఆయన లేచి, పిల్లను భార్య చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టారు. కూతురు పుట్టినప్పుడు ఆయన ఈ పనికి వాకిలి దాకా పారిపోయిన మనిషి. ఇప్పుడు తడిగుడ్డ తెమ్మని, పొడిగుడ్డ తెమ్మని, ముందునుంచి వెనక్కి తుడవాలా వెనకనుంచి ముందుకా అని అడిగి తెలుసుకుని, పిల్లను శుభ్రం చేశారు. ఇంట్లో ఈ పనికి నాకంటే తగినవాళ్ళెవరూ లేరు అన్నారు. పిల్ల ఆయన వైపు చూస్తూ ఒక కాలు గాల్లోకి తన్నింది.

ఆ తర్వాత పిల్ల తాత దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ పని ఆయనదే అయింది. ఏడాది తిరిగేసరికి ముక్కు కొంచెం తేరుకుంది. నిమ్మ తెలిసింది, పొగ తెలిసింది. కాఫీ మాత్రం కాలిన రబ్బరులా ఉందని తాగడం మానేశారు. గుడ్డలు మార్చేటప్పుడు ఏమైనా తెలుస్తోందా అని భార్య రెండుమూడుసార్లు అడిగింది. తెలుస్తోందంటే ఆ పని ఎక్కడ లాక్కుంటారోనని ఆయన మాట దాటేశారు. గుడ్డ మడిచి, పిల్లకు పిన్ను గుచ్చుకోకుండా వేలు అడ్డంపెట్టి, తన పని తను చేసుకుపోయారు.